తవిటమ్మ బట్ట

అనగా అనగా, మా ముత్తవ్వకి ముత్తవ్వ ఇంకా మోకాళ్ళ మీద పాకని రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో పన్నెండు గడపలు. పన్నెండు గడపలకీ పన్నెండు వాకిళ్ళు, పన్నెండు పెరళ్ళు. ఆ పన్నెండూ ఊడ్చే చీపురు మాత్రం ఒక్కటే. ఆ చీపురు పట్టుకున్న మనిషి పేరు తవిటమ్మ.

ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. ఈ కథలో మీ గుండె ఝల్లుమనే చోట్లు ఉన్నాయి. మీ ఊఁ వినపడకపోతే ఝల్లుమందో లేదో నాకెలా తెలుస్తుంది?

తవిటమ్మ అదేం పేరు అంటారా? ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోది పుట్టగానే తల్లి ఆ పసిగుడ్డుని చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకి ఇచ్చేసింది. ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. అలా కొన్న పిల్ల జోలికి చావు రాదని అక్కడివాళ్ళ నమ్మకం. తవుడికి కొన్న పిల్ల కాబట్టి తవిటమ్మ. చావు నిజంగానే చాలాకాలం రాలేదు. మొగుడు పోయాడు, అమ్మా అయ్యా పోయారు, పిల్లలు అసలు పుట్టనేలేదు. తవిటమ్మ, చీపురు, ఊరి చివర ఒక పాక, ఆ పాకలో ఒక చిరుగుల బొంత. అంతే మిగిలాయి.

పన్నెండు వాకిళ్ళూ ఊడిస్తే పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఇంత అంబలి పోసేవారు. పండగకో పబ్బానికో ఒక పాత కోక ఇచ్చేవారు. పుట్టి బుద్ధెరిగాక తవిటమ్మ ఒంటి మీద కొత్త బట్ట పడలేదు. ఎప్పుడూ ఎవరో కట్టి విడిచినదే. అందుకని ఆమెకి ఒకే ఒక్క కోరిక ఉండేది. పెద్ద కోరికేం కాదు, వింటే మీకు నవ్వొస్తుంది. పోయిన నాడైనా కొత్త బట్టలో పోవాలని.

పస్తులుండి, గింజా గింజా దాచి, నేతగాడి దగ్గర తొమ్మిది మూరల తెల్లబట్ట తెచ్చుకుంది. నాలుగు కొంగులకీ పసుపు రాసింది. మడతపెట్టి కుండలో దాచింది. దాచి ఊరుకుందా? పన్నెండు ఇళ్ళకీ తీసుకెళ్ళి చూపించింది.

"నాను పోయిననాడు ఎవులూ ఏటీ ఎతుక్కోకండమ్మా. కుండలో నా బట్ట ఉంది" అని ప్రతి ఇంటా చెప్పింది.

ఊరు నవ్వింది. నవ్వి మర్చిపోయింది.

ఇక అచ్చియ్యమ్మ సంగతి. ఊరి పెద్ద నాయుడుగారి భార్య. మనిషి మంచిదే, ఆకలని వచ్చినవాడిని ఉత్త చేతుల్తో పంపలేదు. కానీ ఆవిడకి ఒక జబ్బు ఉంది. ఆ జబ్బు పేరు శుభ్రం. వాకిట్లో ఆకు రాలితే ఆవిడకి కంట్లో నలుసు పడ్డట్టే. పెరట్లో మొక్క మొదలు కూడా తుడిచిపెట్టినట్టు ఉండాలి. మట్టి కనపడాలి, ఆ మట్టి మీద చీపురు గీతలు కనపడాలి. ఆవిడని చూసి ఊరంతా అదే నేర్చుకుంది. చలికాలం వచ్చేసరికి రాలిన ప్రతి ఆకూ ఊడ్చి, కుప్పపోసి, పొద్దున్నే చలిమంట వేసుకోవడం ఆ ఊరి అలవాటు.

ఆ యేడు ఆశ్వయుజంలో గాలివాన పట్టుకుంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. దూలాలకి వేలాడే విత్తనాల కుండల్లో నీళ్ళు నిండి, గింజలు కుళ్ళి కంపుకొట్టాయి. చిక్కుడు పాదులు పందిళ్ళతో సహా కొట్టుకుపోయాయి. ఊళ్ళో మిగిలిందల్లా ఒక్క చిక్కుడు పాదు. అచ్చియ్యమ్మ పెరట్లో, గోడ పక్కన, నడుమెత్తు పందిరి మీద.

చిక్కుడు లేకపోతే ఏమైందీ అనకండి. ఆ ఊళ్ళో ఎండాకాలం మూడు నెలలూ కూర అంటే ఎండు చిక్కుడు గింజలే. నాయుడుగారి ఇంట్లో ఇంకేదైనా వండుకుంటారేమో. పాకల్లో వాళ్ళు ఆ గింజలు ఉడకేసుకునే బతుకుతారు. పక్క ఊరినుంచి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో, గాలివాన పక్క ఊరిని వదిలేసిందా? అక్కడా అంతే. అందుకని పెద్దలంతా కూర్చుని మాట అనుకున్నారు. ఆ పాదు మీద ఒక్క కాయ కూడా కొయ్యకూడదు. అన్నీ విత్తనానికే ఉంచాలి. మాఘమాసంలో కాయ ఎండి గలగలమన్నాక గడపగడపకీ పంచాలి. ఆ పాదు బతికితే ఊరికి చిక్కుడు ఉంటుంది. పోతే లేదు.

కార్తీకమాసం వచ్చింది. వానలు వెనక్కి పోయాయి, ఆకులు రాలడం మొదలైంది. తవిటమ్మ పన్నెండు వాకిళ్ళూ ఊడ్చింది. ఊడ్చిన ఆకు చలిమంటకి ఇవ్వలేదు. గంపకెత్తుకుంది. గంప తర్వాత గంప, పదకొండు ఇళ్ళ చెత్త తీసుకెళ్ళి ఎక్కడ పోసిందనుకున్నారు? అచ్చియ్యమ్మ పెరట్లో! అద్దంలా ఊడ్చిన పెరట్లో! చిక్కుడు పాదు చుట్టూ, మల్లెపొద చుట్టూ, అరటి చుట్టూ జానెడు మందాన పరిచింది. మొదలుకి ఆనకుండా బెత్తెడు ఎడం ఉంచి మరీ పరిచింది.

అచ్చియ్యమ్మ మొహానికి పసుపు రాసుకుంటూ పెరట్లోకి వచ్చి, అలాగే నిలబడిపోయింది.

"ఒలే తవిటీ! ఏటే ఇది? ఊడవమంటే ఊళ్ళో సెత్తంతా తెచ్చి నా పెరట్లో పోసినావేటే?"

"సెత్త కాదమ్మా, దుప్పటి. సలొత్తంది గదా. మొదలు బోడిగా ఉంటే మట్టి కింద ఏరు వణికిపోద్ది."

"ఏరు వణకడమేటే? నువ్వెప్పుడు సూసినావు?"

"ఏరుని సూడ్నేదమ్మా. అడివిని సూసినాను. అడివిని ఎవులు ఊడుత్తన్నారమ్మా? ఎవులూ ఊడవరు. మరి అడివి పచ్చగా నేదేటి?"

చీపురు పట్టుకుని బతికే మనిషి, ఊడవకూడదని చెప్తోంది! ఊరు ముక్కున వేలేసుకుంది. వేసిన వేలు మూడు రోజులు తియ్యలేదు.

నాయుడుగారు చుట్ట నోట్లోంచి తీసి, "ఉండనియ్యే. పెరటి ఎనకాల ఎవులు సూత్తారు?" అన్నాడు. దాంతో ఆకు ఉండిపోయింది. అచ్చియ్యమ్మ మాత్రం అటు వెళ్ళినప్పుడల్లా కళ్ళు మూసుకుని నడిచేది. ఒకసారి గోడకి తల కొట్టుకుంది కూడా.

మార్గశిరం వచ్చింది. ఆ నెలలో లక్ష్మీవారం అంటే మాటలా? తెల్లారకముందే తలస్నానాలు, గడపకి పసుపు, ఇంట్లో నోము. ఒక లక్ష్మీవారం పొద్దున అచ్చియ్యమ్మ అమ్మవారి గుడికెళ్ళింది. తిరిగొచ్చి పెరటి తలుపు తీసింది. తీసి, చేతిలో ఉన్న కొబ్బరిచిప్ప జారవిడిచేసింది.

మల్లెపొద లేదు. ఆవిడ కాపురానికొచ్చిన యేడు నాటిన మల్లె, మనిషెత్తు పెరిగిన మల్లె, ఇప్పుడు మోకాలెత్తు మోడు. ఒక్క ఆకు లేదు. మిగిలిన పుల్లలన్నీ తాడుతో కట్టేసి ఉన్నాయి. పక్కన తవిటమ్మ కొడవలి నూరుకుంటోంది.

"ఓలమ్మో! నా మల్లెకి గుండు కొట్టేసినావే! పసుపూ కుంకం ఉన్న ఇంట్లో, లచ్చివారం పూట, పూలచెట్టుకి గుండు కొడతావా! నా కాపరం ఏటైపోవాల?"

ఒక్క ముక్క చెప్పి తీరాలి. రోజు చూసుకోకపోవడం తవిటమ్మ తప్పే. ఆ ఒక్కటీ ఆమె తప్పే. మిగతాదంతా మల్లెకి చెయ్యవలసిందే.

"జుట్టులాటిదేనమ్మా, మళ్ళీ వత్తది" అంది తవిటమ్మ. "నెల్రోజులు దానికి సుక్క నీళ్ళు పొయ్యకండి. దప్పిక పడనియ్యండి. మాగంలో మొదలు తవ్వి, పశువుల గత్తం ఏసి, అప్పుడు కడుపునిండా నీళ్ళు పొయ్యండి. బతుకు మీద ఆశ పుడద్ది. ఆశ పుట్టిన మొక్కే పూత్తది."

"ఆకు పీకీసి, కొమ్మ నరికీసి, నీళ్ళు మానీమని సెప్తావా? దీన్ని సాకడమంటారా, సంపడమంటారా?"

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. మోడుని చూసింది, కొడవలిని చూసింది, తవిటమ్మని చూసింది. ఊరు ముక్కున వేలేసుకుంది. ఈసారి కొందరు రెండు చేతులా వేసుకున్నారు.

"ఇదే ఆఖరు" అంది అచ్చియ్యమ్మ. "ఇంకొక్క ఎర్రిపని సేసినావంటే నా వాకిలి తొక్కద్దు. నా సిక్కుడు పాదుకేదైనా అయ్యిందో, ఊళ్ళోనే ఉండద్దు."

"పాదుకేటీ అవనియ్యనమ్మా" అంది తవిటమ్మ. అదొక్కటే అంది. కానీ ఆ మాట ఆమె మనసులో పాతుకుపోయింది. రోజూ పాదు దగ్గరికే ముందు వెళ్ళేది. లేత కొమ్మలకి పేను పడితే తన పొయ్యిలో బూడిద తెచ్చి చల్లేది. పొద్దున్నే చన్నీళ్ళు పోస్తే మొక్కకి చలి రెట్టింపవుతుందని, ఎండ నెత్తి మీదికొచ్చాకే నీళ్ళు పోసేది. పందిరి నడుమన గుబురుగా కాసిన కాయల్ని చేత్తో నిమిరి, ఎన్ని ముదిరాయో చూసుకునేది.

పుష్యమాసం వచ్చింది. ఆ ఊళ్ళో పుష్యమాసం అంటే తెల్లచలి. ఏటా కొండ మీంచి వరసగా మూడు రాత్రులు దిగుతుంది. తెల్లారి లేచి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు ఉంటుంది. ఎండ తగిలేసరికి లేత ఆకు మరిగే నీళ్ళలో ముంచి తీసినట్టు నల్లబడి వేలాడిపోతుంది. మూడో రాత్రి దాటితే ఇక భయం లేదు.

ఒక సాయంత్రం గాలి ఆగిపోయింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పశువులు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. తవిటమ్మ తల ఎత్తి చూసి, "దిగుతాంది" అంది. గడ్డివాము దగ్గరికెళ్ళి మోపులు మోపులు ఎండుగడ్డి తెచ్చింది. చిక్కుడు పందిరి మొత్తం కప్పేసింది.

తెల్లారింది. ఊరు నిద్రలేచి పెరళ్ళలోకొచ్చి కొయ్యబారిపోయింది. గాలివానకి విరిగినా మొదళ్ళలోంచి మళ్ళీ చిగురిస్తే ఎంతో కష్టపడి పెంచుకున్న వంగ, ఆనప, బీర, అరటి పిలకలు, అన్నీ ఒక్క రాత్రిలో నల్లగా మాడిపోయాయి. చీపురు గీతలు పడ్డ నున్నటి నేల మీద చచ్చిన మొక్కలు. ఆడవాళ్ళు గోల పెట్టారు. అచ్చియ్యమ్మ తన పెరట్లోకి పరిగెత్తింది. గడ్డి తీసి చూసింది. చిక్కుడు పాదు పచ్చగా ఉంది!

అమ్మయ్య అనుకుంది. అనుకుని అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు.

ఆ మధ్యాహ్నం అచ్చియ్యమ్మ వియ్యపురాలు వస్తోంది. కూతుర్నిచ్చిన చోటు. ఆవిడకి ఏ వంకా దొరక్కూడదు. మరి పెరడు చూస్తే? పందిరి మీద గడ్డి, పందిరి కింద ఎండాకు, గోడ పక్కన మోడు మల్లె. అచ్చియ్యమ్మకి తల కొట్టేసినట్టయింది.

"తవిటీ, ఆ గడ్డి తీసీ. ఆ ఆకంతా ఊడ్సీ. ఒదిన వచ్చేలోగా పెరడు అద్దంలా ఉండాల."

"అమ్మా, ఇంకా రెండు రాత్రులు ఉన్నాయి."

"ఊడవమన్నాను."

"అమ్మా, మీ కాళ్ళకి మొక్కుతాను. రెండు రాత్రులు. రెండంటే రెండు. తరవాత నా నాలికతో ఊడవమన్నా ఊడుత్తాను."

"ఊడుత్తావా, నేదా?"

"ఊడవను" అంది తవిటమ్మ.

బతుకులో మొదటిసారి ఆ మాట ఆమె నోట వచ్చింది. అన్నాక ఆమే బిత్తరపోయింది. అచ్చియ్యమ్మ ఆమె చేతిలోని చీపురు లాక్కుంది. "పో. ఇంక నా వాకిలి తొక్కద్దు" అంది. తనే కొంగు బిగించి, తనే గడ్డి లాగి, తనే ఆకు ఊడ్చి, కుప్పపోసి నిప్పెట్టింది. ఆ మంట మీదే వియ్యపురాలి స్నానానికి నీళ్ళు కాచింది.

తవిటమ్మ ఉత్త చేతుల్తో ఊళ్ళోంచి నడిచి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఆమెని చీపురు లేకుండా చూడడం అదే మొదలు. చూసినవాళ్ళు పోల్చుకోలేకపోయారట. నాకు ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ అచ్చియ్యమ్మ మీద ఒళ్ళు మండిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా మండుతూనే ఉంటుంది. సరే, కానివ్వండి.

వియ్యపురాలు వచ్చింది. పెరడు చూసింది. "ఎంత సుబ్బరం ఒదినా! నేల మీద పాయసం పోసుకుని తాగొచ్చు" అంది. అచ్చియ్యమ్మ మురిసిపోయింది. దీపాలు పెట్టేవేళకి అందరూ లోపలికెళ్ళి తలుపులు వేసుకున్నారు. పెరటి గోడ అవతల ఎవరు నిలబడ్డారో, గోడ ఎలా ఎక్కారో ఎవరూ చూడలేదు.

తెల్లారింది. అచ్చియ్యమ్మ కళ్ళాపి చల్లడానికి చెంబుతో పెరట్లోకి వచ్చింది.

పందిరి మీద శవం పడుకుని ఉంది.

తెల్లబట్ట కప్పిన శవం. ఇటు నుంచి అటు బారుగా. బట్ట మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది.

అచ్చియ్యమ్మ పెట్టిన కేకకి కొండ మీద కాకులు లేచాయి. నాయుడుగారు పరిగెత్తుకొచ్చాడు. వియ్యపురాలు పరిగెత్తుకొచ్చింది. పన్నెండు గడపలూ పరిగెత్తుకొచ్చాయి. వచ్చినవాళ్ళు వచ్చినచోటే ఆగిపోయారు. అప్పుడు ఎవరో గుర్తుపట్టారు. తొమ్మిది మూరల బట్ట. నాలుగు కొంగులకీ పసుపు.

"ఇది తవిటమ్మ బట్ట!"

"సావుబట్ట తెచ్చి పచ్చటి కాపరం మీద పరిసినాదా!" అని వియ్యపురాలు చెవులు మూసుకుంది.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చావుబట్ట ఎవరు ముడతారు? పరిచిన మనిషే తియ్యాలి అన్నారు. అందరూ కలిసి ఊరి చివరికి బయల్దేరారు. ముందు అచ్చియ్యమ్మ. కోపంతో ఆవిడ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

సందు మొదట్లో నిలబడి పిలిచింది. "ఒలే తవిటీ!" పలకలేదు.

కంచె దగ్గర నిలబడి పిలిచింది. "ఒలే తవిటీ!" పలకలేదు.

పాక గుమ్మంలో నిలబడి పిలిచింది. ఈసారి గొంతు తగ్గింది. "తవిటమ్మా..."

పలకలేదు. తడిక తోసి చూశారు.

ఆరిపోయిన పొయ్యి దగ్గర, గోడకి ఆనుకుని, మోకాళ్ళు గుండెలకి పెట్టుకుని కూర్చుంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఒళ్ళు మంచుగడ్డ. తవుడికి కొన్న పిల్ల జోలికి ఇన్నాళ్ళూ రానిది ఆ రాత్రి వచ్చేసింది. ఒంటి మీద ఎవరో కట్టి విడిచిన పాత కోక. అంతే. పైన ఏమీ లేదు.

"బొంత ఏదీ?" అన్నాడు నాయుడుగారు. "ఈవిడికి ఒక బొంత ఉండాలి గదా?"

పాక అంతా వెతికారు. ఎంత పాక అని, రెండు అడుగులు. బొంత లేదు. కుండ ఉంది. కుండలో బట్ట లేదు.

మరి శవాన్ని సాగనంపాలి. ఆమె బట్ట ఆమెకి కప్పాలి. అది పందిరి మీద ఉంది. అందరూ మళ్ళీ అచ్చియ్యమ్మ పెరట్లోకి వచ్చారు. వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. చివరికి అచ్చియ్యమ్మే వెళ్ళి ఒక కొంగు పట్టుకుని పైకెత్తింది.

ఎత్తి, అలాగే ఉండిపోయింది.

పందిరికి ఈ చివరా ఆ చివరా ఆకులన్నీ నల్లగా మాడి వేలాడుతున్నాయి. రెండు మడతలు వేసి పరిచిన ఆ బట్ట కింద మాత్రం పచ్చగా ఉంది. విత్తనం కాయలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మనిషి పొడుగు, మనిషి వెడల్పు. ఒక మనిషి పడుకుంటే ఎంత చోటు పడుతుందో సరిగ్గా అంత పచ్చదనం. దాని కింద, అద్దంలా ఊడ్చేసిన ఆ నేల మీద, పాదు మొదలుకి చుట్టూ పసిపిల్లకి చుట్టినట్టు చుట్టి ఉంది.

బొంత.

ఊరు ముక్కున వేలేసుకోలేదు. ఒక్కరికీ చెయ్యి పైకి లేవలేదు.

నాయుడుగారు తల ఎత్తి ఆకాశం కేసి చూశాడు. "ఇంకొక రాత్రి ఉంది" అన్నాడు.

అందరికీ అర్థమైంది. బట్ట తీస్తే తవిటమ్మ కొత్త బట్టలో పోతుంది. బతుకంతా కోరుకున్నది ఆ ఒక్కటే. తీస్తే ఈ రాత్రికి పాదు పోతుంది. దుప్పట్లు కప్పుదామని ఒకడన్నాడు. గాలివానలో నానిపోయి మిగిలిన ఒక్కో దుప్పటి కింద ప్రతి ఇంట్లో నలుగురు పిల్లలు పడుకుంటున్నారు. గడ్డి అని ఇంకొకడన్నాడు. వాములో మిగిలిన మంచి గడ్డి నిన్ననే స్నానాల నీళ్ళ కింద కాలిపోయింది. మిగతాది తడిసిన ముద్ద. కాల్చిన మనిషి అక్కడే తల దించుకుని నిలబడి ఉంది.

అచ్చియ్యమ్మ ఎత్తిన కొంగుని మెల్లగా కిందికి దించింది. అంచులు సర్ది, గాలి చొరకుండా రాళ్ళు పెట్టింది. లోపలికి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు వినపడింది. బయటికొచ్చింది.

చేతిలో ఎర్రంచు కాశీచీర.

ఆ చీర సంగతి ఊరందరికీ తెలుసు. నాయుడుగారు కాశీ వెళ్ళి, గంగలో ముంచి, నెలల తరబడి నడిచి మోసుకొచ్చిన చీర. పుణ్యస్త్రీగా తను పోయిననాడు తన మీద కప్పమని అచ్చియ్యమ్మ దాచుకున్న చీర. ఒక్కసారైనా ఒంటి మీద వేసుకోలేదు.

"ఒదినా!" అంది వియ్యపురాలు. "నీకు మతిపోనాదేటి? నీ కాశీచీర! వాకిలి ఊడిసే మనిసికి! మొగుడు పోయిన మనిసికి ఎర్రంచు కప్పుతావా?"

"దాని బట్ట పన్లో ఉంది ఒదినా" అంది అచ్చియ్యమ్మ. "నాది పెట్లో ఉంది."

అలా తవిటమ్మ కొత్త బట్టలో పోయింది. ఊళ్ళో ఏ నాయురాలూ పోనంత గొప్పగా పోయింది. పన్నెండు గడపలూ వెనకాల నడిచాయి. ఎండలో ఎర్రంచు మెరుస్తుంటే పక్క ఊరివాళ్ళు పొలాల్లోంచి లేచి, ఏ మారాణి పోయిందని అడిగారట.

ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ గంప నెత్తిన పెట్టుకుంది. ఇల్లిల్లూ తిరిగి ఎండాకు అడిగి తెచ్చింది. అవును, ఆవిడే! తన చేత్తో మొదళ్ళ చుట్టూ పరిచింది, బెత్తెడు ఎడం ఉంచి. మూడో రాత్రి తెల్లచలి దిగింది. తెల్లారి బట్ట ఎత్తితే కాయలు కళ్ళు తెరిచిన పిల్లల్లా చూశాయి.

మాఘంలో కాయలు ఎండి గలగలమన్నాయి. గింజలు పంచారు. గడపకి ఏడు గింజలు వచ్చాయి. పన్నెండు గడపలకీ పంచాక ఇంకో ఏడు మిగిలాయి. వాటిని ఎవరూ తీసుకోలేదు. తీసుకెళ్ళి తవిటమ్మ పాక ముందర నాటారు. ఆ పాదు పాక మీదికి ఎగబాకి, కప్పు కనపడకుండా కమ్మేసింది.

మోడు మల్లె సంగతి మర్చిపోయారా? అచ్చియ్యమ్మ మర్చిపోలేదు. నెల్లాళ్ళు నీళ్ళు పొయ్యలేదు. మాఘంలో మొదలు తవ్వి, గత్తం వేసి, కడుపునిండా నీళ్ళు పోసింది. చైత్రంలో ఆ పొదలో ఆకు కనపడలేదు, అన్నీ పువ్వులే. కాపురానికొచ్చాక అన్ని పువ్వులు ఆవిడ ఎన్నడూ చూడలేదు. కూర్చుని ఏడ్చింది. మొదటి మాల తల్లో పెట్టుకోలేదు. తీసుకెళ్ళి పాక గుమ్మానికి కట్టింది.

చాలా యేళ్ళు గడిచాయి. నాయుడుగారు ఎనభై దాటి పోయాడు. దానికీ మల్లె గుండుకీ సంబంధం లేదు, మీరేం అనుకోకండి. ఆ తర్వాత అచ్చియ్యమ్మకీ వేళయింది. కొడుకు పక్కన కూర్చుని, "అమ్మా, పట్నం మనిసిని పంపినాను, మంచి బట్ట తెత్తాడు" అన్నాడు.

"వద్దురా" అంది అచ్చియ్యమ్మ. "కొత్తది వద్దు. కుండలో తవిటమ్మది ఉంది."

ఉతికి, మడతపెట్టి, అన్నేళ్ళూ అదే కుండలో దాచింది. పసుపు వెలిసిపోయింది. చిక్కుడాకు మరకలు మాత్రం పోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ కట్టి విడిచింది కట్టని మనిషి, ఊరు చూస్తుండగా, వాకిలి ఊడ్చే మనిషి బట్టలో పోయింది. అప్పుడు ఊరు ముక్కున వేలేసుకుందా అంటే, లేదు. చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కార్తీకం వస్తే రాలిన ఆకు కాల్చరు. కోడలు మరీ చీపురు అరిగేలా ఊడుస్తుంటే అత్త గుమ్మంలోంచి, "అడివిని ఎవులు ఊడుత్తన్నారమ్మా?" అంటుంది. మార్గశిరంలో మల్లెకి గుండు కొడతారు, లక్ష్మీవారం తప్పించి. పుష్యంలో గాలి ఆగిన సాయంత్రం విత్తనం పాదు మీద తొమ్మిది మూరల కొత్త తెల్లబట్ట పరుస్తారు. నాలుగు కొంగులకీ పసుపు రాస్తారు. మూడు రాత్రులయ్యాక ఉతికి, ఆ ఇంటి వాకిలి ఊడ్చే మనిషికి ఇస్తారు. కట్టి విడిచినది ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఇవ్వరు. ఇస్తే చిక్కుడు మొలవదట.

ఆ సంగతి తెలియక, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఏటా ఎవరో ఒకత్తి పొద్దున్నే చెంబు పట్టుకుని పెరట్లోకొస్తుంది. పందిరి మీద బారుగా తెల్లటిది చూసి కెవ్వుమని కేకేస్తుంది. చెంబు జారి దొర్లిపోతుంది. ఇంట్లోంచి అత్త వస్తుంది. చెంబు తీసి మళ్ళీ చేతికిస్తుంది.

"అరవకే" అంటుంది. "తవిటమ్మ పడుకుంది."